పడవెక్కిన బోర్డుకు బొట్టు

ఆ రోజుల్లో, అంటే మరీ తాతలనాటి మాటేం కాదు, ఇంజినీరింగ్ పట్టా చేతికొచ్చి దాని మీది లామినేషన్ వాసన ఇంకా పోని రోజుల్లో, ఏ యంత్రం ఆగిపోయినా దానికి కారణాలు రెండే అని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. ఒకటి: ప్రోగ్రాములో తప్పు. రెండు: ఆ ప్రోగ్రాము నేను రాయకపోవడం. లోకంలో రెండో రకం కేసులే ఎక్కువని నా అభిప్రాయం. ఇప్పుడు కూడా నేను వయసు మళ్ళినవాణ్ణేం కాదు గానీ, ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే పక్కింటి పిల్లాణ్ణి చూసినట్టు ముచ్చటేస్తుంది. ఎంత ధీమా! తల దువ్వుకునేటప్పుడు కూడా పాపిట ఎటునుంచి తియ్యాలో వరసగా ఆలోచించుకుని తీసే రకం. (నవ్వకండి. ఎడమ నుంచే తియ్యాలి. కారణాలు నాలుగున్నాయి.)

ఉద్యోగం వచ్చింది, చేరమనే కబురే రాలేదు. 'త్వరలో తెలియజేస్తాం' అన్న మెయిలు వచ్చి వేసవి సగం గడిచింది. ఆ ఖాళీలో నేను విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ దగ్గర మా అక్కావాళ్ళింట్లో ఉండేవాణ్ణి. మాది వేట మీద బతికిన కుటుంబం. అందరిలోకీ సముద్రం పడనివాణ్ణి నేనొక్కణ్ణే. చిన్నప్పుడు మా నాన్న ముచ్చటపడి ఒకసారి పడవ మీద తీసుకెళ్తే, హార్బర్ దాటీ దాటకముందే నా కడుపులో ఉన్నదంతా, ముందురోజుదీ కలుపుకుని, బయటికొచ్చేసింది. పడవను వెనక్కి తిప్పి, నన్ను జెట్టీ మీద మూటలా దింపేసి, మళ్ళీ వెళ్ళారు. ఆ పూట నుంచి హార్బర్లో నా పేరు 'ఒడ్డుబాబు'. ఇంజినీరింగ్‌లో సీటొచ్చినా, పాసైనా, ఉద్యోగం వచ్చినా ఆ పేరు మాత్రం మారలేదు. 'ఒడ్డుబాబు ఇంజినీరయ్యాడంట' అనేవారు, అంతే.

మా బావకు ఒక మరపడవలో సగం వాటా. మిగతా సగం ఆ పడవ నడిపే సరంగుది. ఆయన్ని అందరం సరంగు మావ అనేవాళ్ళం. ఒడ్డున ఉన్నంతసేపూ కసురుతూ, సముద్రంలో మాత్రం ఒక్క మాటా మాట్లాడడని పేరు. (రెండో సంగతి నేను విన్నదే తప్ప చూసింది కాదు. కారణం పైన చెప్పాను.) అంతకుముందు వేటకాలంలో ఆ పడవకు ఒక అవమానం జరిగింది. పడవ అడుగున, ఇంజను గదిలో, ఎప్పుడూ కొంత నీరు ఊరుతూ ఉంటుంది. అది పెరిగితే దానంతటదే పంపు ఆన్ అయ్యేలా ఒక ఫ్లోట్ స్విచ్ పెట్టుకున్నారు. నీటితో పాటు పైకి తేలే చిన్న బుడ్డి అది. ఆ బుడ్డికి వలదారం చుట్టుకుని, డీజిలు జిడ్డు పట్టి, తేలడం మానేసింది. కాపలా ఉన్న మనిషి కునుకు తీశాడు. ఇంజనులోకి నీరెక్కింది. చివరికి ఇంకో పడవవాళ్ళు ముక్కుకు తాడు కట్టి, హార్బర్ అంతా చూస్తుండగా, సంతలో కొన్న దూడను లాక్కొచ్చినట్టు లాక్కొచ్చారు. ఇంజను బాగైంది గానీ, ఆ తాడు మాట మాత్రం జెట్టీ మీద ఎవరూ మర్చిపోలేదు. సరంగు మావ టీకొట్టు దగ్గరికి వెళ్ళడం కూడా మానేశాడు.

వేసవిలో వేట నిషేధం కదా, పడవలన్నీ జెట్టీకి కట్టేసి ఉంటాయి. రంగులేసుకుంటారు, వలలు బాగుచేసుకుంటారు. అలాంటి ఒక సాయంత్రం బావ నా పక్కన కూర్చుని అడిగాడు. (మేమిద్దరం ఒకర్నొకరం 'బావా' అనే పిలుచుకుంటాం.)

"బావా, ఆ నీటి పంపు గొడవకి నువ్వు సదివిన సదువులో ఏటైనా మందుందా?"

"ఉంది బావా. టైమరెడదాం. నీరు పెరిగిందా లేదా అని సూడక్కర్లేదు. అరగంటకోపాలి పంపు దానంతటదే కాసేపు తిరిగి ఆగిపోద్ది. తేలేదీ లేదు, మునిగేదీ లేదు, దారం సుట్టుకోడానికేటీ లేదు."

బావ నా మొహంలోకి చూసి, "ఇది నువ్వు సేసి పడవెక్కించు బావా," అన్నాడు. ఆ మాట ఆయన మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం అది మామూలు మాట కాదు. నేను ఎక్కలేని పడవ మీద నా చేతిపని ఎక్కి, నేను చూడలేని నీళ్ళలోకి వెళ్ళి, నా బదులు పనిచేసి వస్తుంది. అంతకన్నా ఉద్యోగమేముంది?

సరంగు మావకు విషయం చెబితే వలకుట్టే సూది ఆపకుండానే విన్నాడు. "సూడల్లుడూ, మనిషి కునుకు తీసినట్టే నీ డబ్బా కూడా తీత్తే? పడవలు కదిలే రోజు దాకా జెట్టీ మీదే నడవాల. కదిలే పూటకి ఒక్కపాలి తప్పినా ఇప్పి అవతల పడేత్తాను. ఆ తాడు మాత్రం నాను మళ్ళీ కట్టించుకోను. ఇంకోపాలి అలాటిదైతే నా వాటా నాను అమ్మేసి ఎల్లిపోతాను, ఇనుకో." చివరి మాట బావ వైపు చూసి అన్నాడు. సరంగు లేకపోతే ఆ పడవ చెక్కే. బావ తల ఊపాడు. "మా బావ సేత్తే తిరుగుండదు మావా," అన్నాడు. నేను కూడా తల ఊపాను. నాది ఇంకా పెద్దగా ఊగి ఉంటుంది.

ఇక్కడ టైమర్ ఇంటరప్ట్ అంటే ఏమిటో చెప్పకపోతే మీరు ముందుకు రాలేరు. మీరు పేపరు చదువుకుంటున్నారు, పొయ్యి మీద కుక్కరుంది. కూత వినగానే పేపరు పక్కన పెట్టి, వెళ్ళి స్టవ్ కట్టేసి, వచ్చి మళ్ళీ అదే వాక్యం నుంచి చదువుతారు. ఆ కూత ఇంటరప్ట్. కుక్కరుకు బదులు ఒక గడియారం లెక్కపెట్టి, సమయానికి కూత వేస్తే అది టైమర్ ఇంటరప్ట్. నా బోర్డు మీది మైక్రోకంట్రోలరు పేపరు చదివే మనిషి. గడియారం సెకనుకోసారి కూత వేస్తుంది, ఈయన లేచి లెక్క ఒకటి పెంచుకుని, అరగంట పూర్తయితే పంపు తిప్పుతాడు. ఇందులో నా సొంత గొప్ప ఒకటుంది. చిప్పులోనే ఓ మోస్తరు గడియారం ఉంటుంది, పంపుకు అది చాలు. కానీ అది రోజుకు కొన్ని నిమిషాలు అటూఇటూ పోతుందట. నేను ఒప్పుకుంటానా? చేతి గడియారాల్లో వాడే క్రిస్టల్, బియ్యపుగింజకన్నా కాస్త పెద్దగా వెండిలా మెరిసే గొట్టం, ప్రత్యేకంగా అతికించాను. దీంతో నెలంతా తిరిగినా తేడా సెకన్లలోనే ఉంటుందని సరంగు మావతో చెప్పాను. "అడుగునీరుకి సెకన్లు తెలుత్తాయేటల్లుడూ?" అన్నాడాయన. జవాబివ్వడం నా స్థాయికి తగదనుకున్నాను.

ఇంట్లో బల్ల మీద బోర్డు బ్రహ్మాండంగా నడిచింది. ఇంటరప్ట్ వచ్చినప్పుడల్లా చిన్న ఆకుపచ్చ లైటు మినుకుమనేలా పెట్టాను. బకెట్లో పంపు పెట్టి చూపిస్తే అక్క చప్పట్లు కొట్టింది, వంటింట్లోకి నీరు పోయాక ఆపేసింది. మర్నాడు బోర్డును ప్లాస్టిక్ డబ్బాలో బిగించి, ఊరేగింపులా జెట్టీకి తీసుకెళ్ళాం.

పడవెక్కే ముందు అత్త ఆపింది. అత్తంటే బావ వాళ్ళమ్మ. పడవలోకి ఎక్కే ఏ వస్తువైనా ఆవిడ చేతి బొట్టు లేకుండా ఎక్కదు. వలలకు, ఇంజనుకు, వైర్‌లెస్ సెట్టుకు, గాలి నింపిన ట్యూబులకు, ఆఖరికి అన్నం వండుకునే కుక్కరుకు కూడా గంగమ్మ పేరు చెప్పి పసుపు ముద్ద పెట్టి, మీద కుంకుమ అద్దుతుంది. ఒకసారి ఒడ్డుకు దిగిన వస్తువు మళ్ళీ ఎక్కాలంటే మళ్ళీ బొట్టు. నేను డబ్బా మూత మీద చోటు చూపించాను. ఆవిడ నన్ను జాలిగా చూసింది.

"సొక్కాకి బొట్టెడతారేటి బాబూ? ముకానికెట్టాల గానీ. మూతియ్యి."

మూత తీశాను. లైటు మినుకుమంటుంటే గర్వంగా అందరికీ చూపించి, వైర్లు సర్దడానికి ఇంజను గదిలోకి దిగాను. (జెట్టీకి కట్టిన పడవలో కూడా నాకు తల తిరుగుతుంది, అందుకే గోడ పట్టుకుని దిగాను.) అత్త పైన తన పని కానిచ్చి డబ్బా అందించింది. మూత బిగించి, స్క్రూలు నాలుగూ ఐమూలగా, ఒకదాని తర్వాత దానికెదురుది, పుస్తకంలో చెప్పినట్టే తిప్పి పైకొచ్చాను.

అరగంటైంది. పంపు తిరగలేదు. ఇంకో అరగంటైంది. బావ గొంతు సవరించుకున్నాడు. డబ్బా మూతకున్న చిన్న గాజు కిటికీలోంచి బోర్డు స్క్రీను మీద 'సిద్ధం' అన్న అక్షరాలు చక్కగా వెలుగుతున్నాయి. కరెంటుంది, చిప్పు బతికే ఉంది, మీట నొక్కితే పంపు తిరుగుతోంది కూడా. రానిది ఒక్క టైమర్ ఇంటరప్టే. పేపరు చదివే మనిషి హాయిగా చదువుకుంటున్నాడు, కుక్కరే కూయడం లేదు.

"బల్బు ఎలుగుతంది గదల్లుడూ, మరి నీరెందుకు ఎల్లట్లేదు?" అన్నాడు సరంగు మావ.

"ప్రోగ్రాములో చిన్న తప్పు మావా. సాయంత్రానికి తేల్చేస్తాను."

ఇంటికి తెచ్చి, ఫ్యాను కింద బల్ల మీద పెట్టుకుని ప్రోగ్రాము ముందు కూర్చున్నాను. తప్పు దొరికింది కూడా! కూత విన్నాక 'విన్నాను' అని గడియారానికి చెప్పే వరస ఒకటుంటుంది. దాన్ని నేను చివర రాశాను, ముందు రాస్తే మేలు. మార్చి, బోర్డు ఆన్ చేసేసరికి ఆకుపచ్చ లైటు టంచనుగా మినుకుమంది. అంతే, నేను లేచి నిలబడి అక్కతో, "కనిపెట్టేశాను" అన్నాను. మర్నాడు మళ్ళీ ఊరేగింపు, మళ్ళీ అత్త, మళ్ళీ మూత, మళ్ళీ బొట్టు, మళ్ళీ స్క్రూలు. మళ్ళీ 'సిద్ధం'. మళ్ళీ పంపు తిరగలేదు.

ఆ తర్వాత జరిగింది విపులంగా చెబితే నా మీద మీకున్న కాస్త గౌరవమూ పోతుంది. జెట్టీ మీద చచ్చిపోయిన బోర్డు ఇంటికి రాగానే, నేను ప్రోగ్రాములో ఏదో ఒకటి మార్చేలోపు, లేచి కూర్చునేది. నేను మార్చిన ప్రతిసారీ 'ఇదే అసలు తప్పు' అని నమ్మేవాణ్ణి. ఎవరి మాట ముందు వినాలో చెప్పే ప్రాధాన్యాలు మార్చాను. లెక్కపెట్టే చోటు మార్చాను. ఒక చోట ఒక్క మాట చేర్చి, ఆ మాట చేర్చడం తెలియనివాళ్ళు ఇంజినీర్లే కారని అక్కకు అరగంట ఉపన్యాసమిచ్చాను. ప్రతి మందూ ఇంట్లో పనిచేసింది. ఏ మందూ పడవలో పనిచెయ్యలేదు. దాంతో అనుమానం పడవ మీదికి మళ్ళింది. బ్యాటరీ తగ్గుతోందేమోనని కొలిచాను. ఇంజను అదురేమో అనుకుంటే ఇంజను ఆపే ఉంది. ఉప్పుగాలి అనుకుంటే అక్కావాళ్ళిల్లు సముద్రానికి ఇంకా దగ్గర.

"దానికీ సముద్రం పడట్లేదేమోరా," అంది అక్క, చేపలు తోముతూ. "మేనమామ పోలిక లాగ, సేసినోడి పోలికొచ్చుంతాది."

చివరికి బోర్డును నలువైపుల నుంచీ ఫోటోలు తీసి, ఇలాంటి చిక్కులు చర్చించుకునే ఒక ఇంటర్నెట్ వేదికలో పెట్టాను. ప్రోగ్రాము మొత్తం, నేను పరీక్షించిన అంశాలన్నీ వరస సంఖ్యలతో సహా. ఎక్కడో మంచుదేశంలో ఉండే ఒక పెద్దమనిషి చదివి, ఒకే ఒక్క ప్రశ్న వేశాడు: గడియారం క్రిస్టల్ మీద పసుపుపచ్చగా, మధ్యలో ఎర్రగా ఉన్నదేమిటి? నేను కాస్త చిరాకుపడ్డాను. ఇంత ప్రోగ్రాము పెడితే ఈయన చూసింది ఇదా! అది మా ఆచారమనీ, ప్రస్తుత సమస్యకూ దానికీ ఏ సంబంధమూ లేదనీ, దయచేసి ప్రోగ్రాము చూడమనీ మర్యాదగా జవాబు రాశాను. ఆయన మళ్ళీ రాయలేదు. మా ఆచారాల్లో వేలు పెట్టానేమోనని నొచ్చుకుని ఉంటాడు, పాపం.

మీరిప్పుడు నన్ను చూసి నవ్వుతున్నారు, నవ్వండి. కానీ ఒక్క మాట. మీ ఇంట్లో బీరువాకు బొట్టుంది. మీ బండి హెడ్‌లైటు మీద ఉంది. మిక్సీకి ఉంది, గ్యాసుపొయ్యికి ఉంది, దసరా వెళ్ళాక కంప్యూటరుకు ఏడాదంతా ఉంటుంది. అది మీకెప్పుడైనా కనిపించిందా? చూస్తూనే ఉంటాం, కనిపించదు. ఆ బోర్డును నేను భూతద్దం పెట్టి చూశాను. ప్రతి అతుకూ చూశాను. చిప్పు కాళ్ళు ఒక్కొక్కటే లెక్కపెట్టాను. ఆ భూతద్దం కింద అత్త పెట్టిన పసుపు ముద్ద కొండంత కనిపించి ఉండాలి. నా దృష్టిలో అది బోర్డులో భాగమే. బోర్డన్నాక బొట్టుండదా?

పడవలు కదిలే రోజు దగ్గరపడింది. జెట్టీ మీద ఐసు లారీలు తిరుగుతున్నాయి, డీజిలు పీపాలు దొర్లుతున్నాయి. సరంగు మావ నాకు కనపడేలా ఫ్లోట్ స్విచ్ శుభ్రం చేసుకుంటున్నాడు. బావ మాత్రం రోజూ నవ్వుతూనే టీ తెచ్చిచ్చేవాడు. అదే కష్టంగా ఉండేది. కదలడానికి ముందు ఆదివారం మధ్యాహ్నం బోర్డు తీసుకుని బయల్దేరుతుంటే ఆయన అన్నదల్లా ఒక్కటే. "బావా, అవకపోతే అవనేదని సెప్పెయ్. మావకి నాను నచ్చజెప్పుకుంటాను." నచ్చజెప్పడానికి ఏమీ మిగల్లేదని మా ఇద్దరికీ తెలుసు.

ఆ రోజు నేనొక నిర్ణయం తీసుకున్నాను. మూత పెట్టను. ఇంజను గదిలోకి దిగను. జెట్టీ మీదే కూర్చుని, ఆ ఆకుపచ్చ లైటు ఎప్పుడు ఆగుతుందో కళ్ళారా చూస్తాను. ఒళ్ళో బోర్డు పెట్టుకుని వలల కుప్ప మీద కూర్చున్నాను. లైటు మినుకుమంటోంది. అత్త పసుపు పళ్ళెంతో వచ్చింది. చిటికెడు పసుపు నీళ్ళతో ముద్ద చేసింది. వేలు నేరుగా ఆ వెండి గొట్టం మీదికి వెళ్ళింది. బోర్డులో అన్నిటికన్నా మెరిసేది అదే, అందుకే అది దాని ముఖమని ఆవిడ మొదటిరోజే తేల్చుకుంది. "గంగమ్మ తల్లీ, సల్లగా సూడు," అని పసుపు నొక్కి, మీద కుంకుమ అద్దింది.

లైటు ఆగిపోయింది.

అత్త కళ్ళు పెద్దవయ్యాయి. "సూసినావా! అమ్మోరు పలికింది!" అంది.

నేను చొక్కా అంచుతో ఆ ముద్దను తుడిచి, ఎప్పుడూ దగ్గరుంచుకునే స్పిరిట్ చుక్క వేసి, నోటితో ఊదాను. లైటు మళ్ళీ మినుకుమంది. "అత్తా, ఇంకోపాలి ఎట్టు."

ఆవిడ సంతోషంగా పెట్టింది. ఆగింది. తుడిచాను. వచ్చింది. "ఇంకోపాలి."

"ఏటి బాబూ, ఇంత బక్తి ఎప్పుడొచ్చింది నీకు?"

"ఒక్కపాలి అత్తా, ఈపాలి ముట్టీ ముట్టనట్టు." ఆగింది. ఒక శాస్త్రజ్ఞుడిగా నాకిక సందేహం లేదు. ఆ క్రిస్టల్ కూత అతి సన్నటిది. తడి పసుపు దాని రెండు కాళ్ళ మధ్యా వంతెన కట్టగానే గొంతు పూడుకుపోతోంది. మూత బిగించిన డబ్బాలో ఆ తడి ఆరడం లేదు, ఇంట్లో ఫ్యాను కింద పసుపు ఆరిపోగానే గొంతు విచ్చుకుంటోంది. నేనేమో నా ప్రోగ్రాము బాగుపడిందని చంకలు గుద్దుకుంటున్నాను! మంచుదేశపు పెద్దమనిషి గుర్తొచ్చాడు. భూమి చీలి నన్ను తీసుకుపోతే బాగుండుననిపించింది గానీ, కింద ఉన్నది జెట్టీ, దాని కింద సముద్రం. అది నాకు పడదు.

ఈ సందడికి జనం పోగయ్యారు. సరంగు మావ వల పక్కన పెట్టి లేచొచ్చాడు. "ఏటల్లుడూ, పూజ ఇంకా అవనేదా?"

కనిపెట్టిన ఆనందంలో నాకు నోరాగలేదు. "దొరికింది మావా! ఈ బొట్టు వల్లే ఆగిపోతంది!"

అవతలి పడవలో రేడియో ఎవరో కట్టేశారు. అత్త పళ్ళెం కింద పెట్టింది. మెల్లగా కొంగు బొడ్లో దోపుకుంది.

"ఇంజనుకెట్టినాను, ఆగిందేటి? వైర్‌లెస్సుకెట్టినాను, ఆగిందేటి? మా ఆయన పడవలప్పటి నుంచీ ఎడతన్నాను, ఒక్కటి ఆగనేదు. నీ దానికెడితే ఆగిందంటే తేడా బొట్టులో ఉందా, నీ దాన్లో ఉందా? ఇంత బొట్టుకే సచ్చిపోయే దానివి, అంత సముద్రంలో ఏటి బతుకుతావమ్మా?" ఆఖరి ప్రశ్న బోర్డును అడిగింది.

జనం నవ్వారు. సరంగు మావ కూడా నవ్వాడు. అత్త చేసినదాన్ని ఇంజినీరింగ్‌లో తడి పరీక్ష అంటారు. ప్రతి బోర్డుకూ చెయ్యాలి. నా పరీక్షల వరసలో అది రాసుకున్నాను కూడా. 'అవసరం లేదు, డబ్బాలో ఉంటుంది' అని నేనే కొట్టేశాను. డబ్బాలో ఉన్నా సముద్రంలో తేమ ఆగుతుందా? ఈ పసుపు ఇవాళ జెట్టీ మీద చేసిన పనే రేపు ఉప్పునీటి ఆవిరి నడిసముద్రంలో చేసేది. అక్కడ కనిపెట్టడానికి ఒడ్డుబాబు ఉండడు. తాడు మాత్రం ఉంటుంది.

"తేడా నా దాన్లోనే ఉందత్తా," అన్నాను. "గంట టైమియ్యి."

ఇంటికి పరిగెత్తాను. మందు ఏమిటో నాకు తెలుసు, దానికి కొత్త చదువేం అక్కర్లేదు. క్రిస్టల్ కాళ్ళకూ చుట్టుపక్కలకూ నీరంటకుండా వార్నిష్ పూత పూయాలి. ఆదివారం, దుకాణాలు కట్టేశారు. వార్నిష్‌కు వరస అయ్యే ద్రవం ఆ ఇంట్లో ఒక్కటే ఉంది.

"అక్కా, నీ గోళ్ళరంగియ్యి."

అక్క నన్ను పైనుంచి కిందికి చూసింది. "నీకెందుకురా?"

"నాకు కాదు, బోర్డుకి."

"ఓలమ్మా, బొట్టైపోయింది, ఇప్పుడు గోళ్ళరంగా? రేపు జడేసి పూలెట్టమంటావేటి?" అంటూనే తెచ్చింది. రంగులేనిది లేదు. ఉన్నదొక్కటే, కణకణలాడే ఎరుపు. నాకు రంగుతో పనిలేదు. పసుపంతా స్పిరిట్‌తో కడిగి, ఫ్యాను కింద ఆరబెట్టి, ఆ వెండి గొట్టానికీ దాని కాళ్ళకూ చుట్టూ పూత పూశాను. నా పూత ముద్దలు కడుతుంటే అక్క నా చేతిలోంచి కుంచె లాక్కుని, "ఆడపిల్లల పని ఆడపిల్లల్ని సెయ్యనియ్యి," అని, ఒక్క బుడగ లేకుండా, ఒకదాని మీద ఒకటి పూతలు వేసింది. ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఏ ఫ్యాక్టరీలోనూ అంత నున్నటి పూత నేను చూడలేదు.

జెట్టీకి వెళ్ళేసరికి జనం అలాగే ఉన్నారు. బోర్డు అత్త ముందు పెట్టాను. లైటు మినుకుమంటోంది. ఆవిడ పళ్ళెం తీసుకుని, వంగి చూసి ఆగింది. "ఇదేటి, ముందే ఎవరో కుంకుమెట్టినారు?"

"అక్కెట్టింది. నువ్వు కూడా ఎట్టత్తా. ఎంతైనా ఎట్టు."

అత్త పగ పట్టినట్టు పెట్టింది. చిటికెడు కాదు, ముద్ద. లైటు మినుకుమంది. కుంకుమ అద్దింది. మినుకుమంది. సరంగు మావ ముందుకొచ్చి, తాగుతున్న చెంబులో నీళ్ళు చేతిలో పోసుకుని ఆ ఎర్రటి చోట చల్లాడు. ఊపిరి ఆగింది నాది, లైటుది కాదు. అది మినుకుమంటూనే ఉంది. బావ నా వీపు మీద చరిచిన చరుపుకు నేను వలల్లో పడ్డాను. అప్పుడు బోర్డు పట్టుకున్నది అత్త. "నెమ్మదిరా, పిల్ల జారిపోద్ది," అంది. మూత పెట్టి బిగించాక జెట్టీ మీద అందరం అరగంట కూర్చున్నాం. వేళకు అడుగున ఏదో గుర్రుమంది. పడవ పక్క నుంచి మురికినీరు ధారగా సముద్రంలో పడింది. అంత అందమైన మురికినీరు నేను చూడలేదు.

పడవలు కదిలాయి. పడవ కనిపించినంతసేపూ జెట్టీ మీద నిలబడ్డాను. నా ఎర్రబొట్టు బోర్డు నేను దాటలేని హార్బర్ నోరు దాటి వెళ్ళిపోయింది. వాళ్ళు తిరిగొచ్చేదాకా నేను తిన్నది అన్నమో ఏమిటో నాకు గుర్తులేదు. ధీమాగానే ఉన్నానని ఇప్పటికీ చెబుతాను. అక్క ఒప్పుకోదు.

వచ్చిన రోజు నా కళ్ళు ముందు వెతికింది పడవ ముక్కును. తాడు లేదు. సొంత ఇంజనుతో, సొంత పొగతో, టీకొట్టు ముందునుంచే, కావాలని కాస్త నెమ్మదిగా వచ్చింది. సరంగు మావ దిగి, తిన్నగా నా దగ్గరికొచ్చి, భుజం మీద చెయ్యేశాడు. చేపల వాసన గుప్పుమంది.

"ఒడ్డుబాబూ, నీ డబ్బా నీలాగ కాదురా," అన్నాడు. "అన్ని రోజులూ సముద్రంలో ఉంది. నీరు తప్ప ఏటీ కక్కనేదు."

ఇప్పుడు నేను విశాఖపట్నం శివారున పరవాడ వైపు ఒక చిన్న కంపెనీలో బోర్డులు తయారుచేసే పనిలో ఉన్నాను. మా బోర్డులన్నిటికీ గడియారం క్రిస్టల్ మీద పూత ఉంటుంది. రంగులేని పూత దొరుకుతుంది, ధరలో తేడా లేదు. అయినా మాది ఎరుపు. ఎందుకని అడిగినవాళ్ళకు, పూత పడిందో లేదో తనిఖీలో సులువుగా కనిపిస్తుందని చెబుతాను. నిజమే కదా. మొన్న కొత్తగా చేరిన ఇంజినీరు అమ్మాయి, తన బోర్డులో టైమర్ ఇంటరప్ట్ రావడం లేదనీ, ప్రోగ్రాములో తప్పు దాదాపు దొరికేసిందనీ మెరిసే కళ్ళతో వచ్చింది. నేను ప్రోగ్రాము చూడలేదు. ఆమె బల్ల దగ్గరికి వెళ్ళి, "ఇక్కడ నీకు కనిపిస్తున్నవన్నీ ఒక్కొక్కటే చెప్పు," అన్నాను. ఇప్పుడు నా వరసలో మొదటి ప్రశ్న అదే. ఆ అమ్మాయి చాలా శ్రద్ధగా మీటరు, పవర్ సప్లై, వైర్లు, బోర్డు, దాని మీది ప్రతి ముక్కా, చివరికి టీ కప్పు మరకతో సహా చెప్పి, "అంతే సార్," అంది. పవర్ సప్లై ముఖాన దసరానాటి పసుపూ కుంకుమా నిండుగా ఉన్నాయి. వాటికీ ఆమె సమస్యకూ ఏ సంబంధమూ లేదు. అయినా నేను ఆ బొట్టు వైపు, తర్వాత ఆమె వైపు చూసి, ఎక్కడో వలల కుప్ప మీద బోర్డును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఎడమ పాపిట కుర్రాణ్ణి పలకరించినట్టు నవ్వుకున్నాను. "ఏమైంది సార్?" అంది. "ఏం లేదమ్మా. ఇంకోపాలి చూడు," అన్నాను.